దోన్యి లుగ్ నుంచి ఏమీ తీసుకోవద్దు

దోన్యి లుగ్,
అక్టోబరు చివర

ఒరేయ్ ద్రాగుతిన్,

ఆదివారం ఫోను చేశావట. ఇక చెయ్యకు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ప్రెస్సుల మోత తిన్న చెవులివి. ఫోనులో నీ గొంతు సీసాలో పడ్డ ఈగలా గుయ్యిమంటుంది తప్ప మాట తెలియదు. మీ అక్క పక్కన నిలబడి నువ్వన్నదంతా నా చెవిలో మళ్లీ అరుస్తుంది. అందులో నువ్వన్నదెంతో, కోసన కలిపినదెంతో తెలిసి చావదు. ఉత్తరం రాయి. కళ్లింకా బాగానే ఉన్నాయి.

ఊరి హాలు పైకప్పు కూలాక వేసిన తాళం అలాగే ఉంది. ప్రతి మార్చిలో ఆ హాలు ముందు నువ్వూ నేనూ బల్లలు వేసి జరిపించిన విత్తనాల మార్పిడిని మాత్రం నువ్వు తాళం పగలగొట్టకుండానే ఎత్తుకుపోయి ఇంటర్నెట్టులో పెట్టావు. పక్కింటి స్తమేనా అత్త నిన్న అడిగింది: "మీ బావమరిది మార్పిడిని ఎక్కడికో ఎక్కించాడట గదా! నేను ఏ బస్సెక్కి వెళ్లాలి?" అని. పాత మేజోళ్లలో చిక్కుడు గింజలు కట్టి, పోయిన మార్చి నుంచి దూలానికి వేలాడదీసుకుని కూచుంది పాపం. ఏం చెప్పమంటావు?

నవ్వులాటకి కాదు గానీ, నాకు ఇది నచ్చలేదురా. హాలు దగ్గరైతే ఇచ్చేవాడి చేతులు చూసేవాణ్ణి. అంటు పుల్ల అందుకుని, వంచి, చెక్కు గీరి చూసేవాణ్ణి. వాడి తోటలో తెగులుంటే పక్కింటివాడు వాడి వెనకే నిలబడి కన్ను గీటేవాడు. నీ ఇంటర్నెట్టులో కన్ను గీటేదెవరు?

సరే, అంత గొప్పదైతే ఒక పని చెయ్యి. మీ నాన్న తోటలో ఉండిన కరమాన్కా బేరి గుర్తుందా? ఇల్లమ్మాక కొన్నవాడు నరికేసిన చెట్టు. ఈ శరత్తులో మీ అక్క మూడుసార్లు దాని పేరెత్తింది. ఆ పుల్లలు వెతికిపెట్టు. దొరికితే నీ ఇంటర్నెట్టు గురించి ఇంకొక్క మాట అనను.

నీ బావ,
రాదిసావ్

*

బెల్‌గ్రేడ్,
నవంబరు

బావా,

అయితే నోరు మూసుకోవడానికి సిద్ధంగా ఉండు. దొరికింది.

ఉత్తరాన, హంగరీ సరిహద్దు దగ్గర ఒకాయన ఉన్నాడు. సైటులో ఆయన పేరు 'పాత తోట'. మనవాళ్లందరిలోకీ ఎక్కువ రకాలు ఆయన దగ్గరే ఉన్నాయి. తాతల కాలం బేరీలు, ఆపిళ్లు, మనం పేర్లు కూడా మర్చిపోయినవి. కరమాన్కా ఉందా అని అడిగితే గంటలో జవాబిచ్చాడు. ఫిబ్రవరిలో పుల్లలు కోసి నేరుగా నీ ఇంటికే పంపుతాడు. ఆయనకి అయిదు చుక్కలున్నాయి. అంటే పుచ్చుకున్నవాళ్లు సంతోషంగా ఉన్నారని. నీ కన్ను గీటే పక్కింటివాడి పని ఇక్కడ చుక్కలు చేస్తాయి.

నువ్వెంత వెక్కిరించినా చెబుతాను, విను. హాలు ముందు మహా వస్తే డెబ్భై మంది వచ్చేవాళ్లం, అందులో సగం మంది స్తమేనా అత్త కేకు కోసం. ఇప్పుడు నాలుగు వేల మంది! పోయిన వారం ఒక టీవీ అమ్మాయి ఫోను చేసింది, వసంతంలో మన మార్పిడి మీద కార్యక్రమం చేస్తారట. టెలిఫోను శాఖలో స్తంభాలెక్కి దిగి రిటైరైనవాణ్ణి, నన్ను ఎవరైనా ఏదైనా అడగడం ఇదే మొదలు.

నీ పేరుతో కూడా ఒక పేజీ తెరిచాను. అక్క బీరువా మీద పరిచిన మీ తోట దున్య పళ్ల ఫోటో పెట్టాను. బేరికి చుట్టమే అయినా దున్య పసుపు వేరు, అది చూసి అప్పుడే పదకొండు మంది మీ పుల్లలు అడిగారు. నువ్వేం చెయ్యక్కర్లేదు, అన్నీ నేను చూసుకుంటాను.

అక్కకి చెప్పు, నాన్న బేరి వస్తోందని.

ద్రాగుతిన్

*

దోన్యి లుగ్,
మార్చి

ఒరేయ్ ద్రాగుతిన్,

పార్సెలు చేరింది. తడి కాగితంలో చుట్టి, పైన మైనపు సంచి. కట్టడం చేతనైనవాడే. నాలుగు పుల్లలున్నాయి. కోసన వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎండు పుల్లకి వాసనేమిటే అంటే, "నీకు చెవులే పోయాయనుకున్నాను, ముక్కూ పోయిందా" అంది. ఆ పూట వంటింట్లో పాట వినబడింది. నాకు వినబడిందంటే ఎంత గట్టిగా పాడి ఉంటుందో ఊహించుకో.

ఒక మాట అడగాలి. ఒక పుల్లకి నడిమిన చెక్కు లోపలికి కుంగి, ముదురు రంగు తిరిగి ఉంది. దాన్ని పొయ్యిలో పారేశాను. మిగిలిన మూడూ గీరి చూస్తే కింద పచ్చగానే ఉన్నాయి. అయినా నాకెందుకో మనసు ఒప్పుకోలేదు. రెండు రోజులు సెల్లార్లో ఉంచాను. ఈ పెద్దమనిషి తోట ఎలాంటిది? ఎవరైనా వెళ్లి చూశారా? నీకు తెలిసిన చెడ్డ ఏదైనా ఉంటే ఇప్పుడే రాయి, అంటు విప్పేసి కాల్చేస్తాను. పెద్ద నష్టం లేదు, మీ అక్క ఒకరోజు అలుగుతుంది, అంతే.

దున్య తోట మధ్యలో ఉన్న అడవి బేరి మీద కట్టాను. మంచి కాండం అది. నీ జవాబు వచ్చేదాకా రోజూ వెళ్లి చూస్తుంటాను.

చుక్కల సంగతి స్తమేనా అత్తకి చెప్పాను. "మనిషికి చుక్కలేమిటి, ఏమన్నా హోటలా?" అంది.

రాదిసావ్

*

బెల్‌గ్రేడ్,
ఏప్రిల్

బావా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. టీవీ వాళ్లతో తిరుగుతున్నాను. చిత్రీకరణ 'పాత తోట' దగ్గరే పెట్టుకున్నాం, పూత మీద ఉన్నప్పుడు.

చెక్కు సంగతా? దారిలో దెబ్బ తిని ఉంటుంది. కొరియర్ వాళ్లు సంచులు ఎలా విసురుతారో నీకు తెలియదు. ఆయన ఎన్నో వందల మందికి పంపినవాడు. అనుమానాలు మానెయ్యి. చిగురు వేసిందా? వెయ్యగానే ఒక ఫోటో తీయించి పంపు, సైటులో పెడతాను. 'నాన్న తోట మళ్లీ చిగురించింది' అని పెడితే జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

అక్కకి నా మాటగా చెప్పు, మొదటి కాయ నాకేనని.

ద్రాగుతిన్

*

దోన్యి లుగ్,
జూన్

ద్రాగుతిన్,

ఇది రాయడానికి మూడుసార్లు కూచుని లేచాను.

అంటు చిగురించింది. మే మొదట్లో జానెడు ఎదిగింది. ఒకరోజు వాన వెలిశాక వెళ్లి చూస్తే కొసలు చేతికర్ర పిడిలా వంగి ఉన్నాయి. ఆకులు నల్లబడ్డాయి, రాలలేదు. కాండం మీద తేనె బొట్లలా జిగురు కారుతోంది. అప్పటికే దున్యలు నిండు పూత మీద ఉన్నాయి. తేనెటీగలు ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీదికి తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఆపేదెవరు? నేను ఆ చెట్ల మధ్యలో టోపీ తీసి విసురుతూ నిలబడ్డాను, పిచ్చివాడిలా.

పది రోజుల్లో పూలన్నీ మాడిపోయాయి. ఎవరో తోటంతా దివిటీ పట్టుకు తిరిగినట్టుంది. అగ్గి తెగులు. క్రుషెవాత్స్ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. కాగితం మీద రాసి చూపించాడు, నాకు వినబడదని: "కొమ్మలు కోస్తే చాలదు తాతా. అన్నీ తీసెయ్యాలి."

అన్నీ తీసేశాం. కొట్టినవి కొట్టినట్టే అక్కడికక్కడ కాల్చాం. మీ అక్క లోపలికి పొమ్మంటే పోలేదు. కొమ్మలు మంటలో వేస్తూ నా పక్కనే ఉంది.

స్తమేనా అత్త చెట్లు కూడా పోయాయి. దున్య పళ్లు పానకం పట్టి సీసాల్లో పెట్టి సంతలో అమ్ముకుని ఆవిడ చలికాలం గడుపుకుంటుందని నీకు తెలుసు. నేను వెళ్లి ఆవిడ ముందు నిలబడితే, "నిలబడతావేం, కూచో. రోగం అడిగి వస్తుందా? నీ తోట నా తోట కంటే పెద్దది, నీకే ఎక్కువ పోయింది" అని కాఫీ పెట్టింది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ పుల్లలు ఎవరు పంపారో సైటులో పెద్ద అక్షరాలతో రాయి. ఆయన కావాలని చేశాడనను. కానీ ఆయన దగ్గర పుచ్చుకున్న ప్రతివాడూ వెంటనే తన చెట్టు చూసుకోవాలి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు. ఈ ఒక్క పనికైనా నీ నాలుగు వేల మందీ పనికిరావాలి.

రాదిసావ్

*

బెల్‌గ్రేడ్,
జూలై

బావా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ తోటలో నాకూ చేతులు కాయలు కాచాయి. అక్క ఎలా ఉంది?

కానీ తొందరపడి ఒకరి మీద వెయ్యకూడదు. తెగులు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? గాలి తెస్తుంది, పిట్టలు తెస్తాయి, అన్నిటికంటే ముందు తేనెటీగలు తెస్తాయి. నువ్వే రాశావు. ఇన్‌స్పెక్టరు మాత్రం పుల్లల వల్లేనని రాసిచ్చాడా?

హెచ్చరిక పెట్టాను. అందరూ చూసేలా మొదటి పేజీలోనే. నువ్వడిగిన పని అయిపోయింది, ఇక ఆ దిగులు వదిలెయ్యి. కార్యక్రమం టీవీలో వచ్చింది. అంతా బాగుందన్నారు. నాకు మాత్రం మీ తోటే కళ్లలో మెదిలింది.

ద్రాగుతిన్

*

దోన్యి లుగ్,
సెప్టెంబరు

శ్రీ ద్రాగుతిన్ గారికి,

మీకు రాయాల్సిన సంగతి ఒకటి ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆగస్టు నుంచీ ఊళ్లో ఏదో మారింది. రొట్టెల కొట్టు దగ్గర నన్ను చూస్తే మాటలు ఆగేవి. చెవిటివాడికి ఇలాంటివి ముందే తెలుస్తాయి, పెదవులు కదలడం మానేస్తాయి గనక. స్తమేనా అత్త గేటు దగ్గర ఉండి కూడా, నేను వస్తుంటే లోపలికి వెళ్లిపోయింది. ముసలిదాని బాధ ఇప్పుడు పైకి తేలిందేమో అనుకున్నాను.

పోయిన గురువారం వల్యేవో నుంచి బస్సులో ఒకావిడ వచ్చింది. పేరు ల్యుబింకా. కుట్టుపని చేసుకుంటుందట, ఇంటి వెనక చిన్న తోట. గేటు దగ్గరే నిలబడి, "రాదిసావ్ అంటే మీరేనా?" అంది. కోసన నా చెవిలో అరిచింది. నేనేనన్నాను.

"మీ మొహం చూసిపోదామని వచ్చాను. మూడు గంటల ప్రయాణం. తిట్టడానికా, ఓదార్చడానికా అన్నది చూశాక తేల్చుకుందామనుకున్నాను" అంది.

"చూశారుగా, తేల్చుకోండి" అన్నాను.

ఆవిడ ఫోను తీసి చూపించింది. మీ మొదటి పేజీ. నేను నా కళ్లతో చదివాను. 'హెచ్చరిక. క్రుషెవాత్స్ దగ్గర దోన్యి లుగ్‌లో రాదిసావ్ తోటలో అగ్గి తెగులు బయటపడింది. దోన్యి లుగ్ నుంచి ఎవరూ ఏమీ తీసుకోవద్దు.' అంతే. ఇంకొక్క మాట లేదు. కింద మీరు తెరిచిన నా పేజీ, కోసన దున్య పళ్ల ఫోటో, దాని పక్కన ఒకే ఒక్క చుక్క. ఆ కింద మనుషులు రాసినవి. 'ఇలాంటివాళ్లని జైల్లో పెట్టాలి' అని ఒకరు. స్తమేనా అత్త మనవడి పేరుతో కూడా ఒకటుంది: 'మా నాయనమ్మ చెట్లు చంపింది ఈయనే.'

ల్యుబింకా అంది: "నా బేరీలు మాడింది పోయిన ఏడాది జూన్లో. అప్పటికి మీరసలు ఈ సైటులోనే లేరు. అందుకే వచ్చాను. మీకు పుల్లలెవరిచ్చారు?"

"'పాత తోట'" అంది కోసన.

"నాకూ ఆయనే. మీ తమ్ముడుగారికి వేసవిలో రాశాను, శరత్తులో రాశాను. నవంబరులో మళ్లీ రాస్తే 'పరిశీలిస్తున్నాం' అని జవాబిచ్చారు."

ఈ మాట కోసన నా చెవిలో అరవలేదు. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. నేను కోసన పెదవులు చూసి తెలుసుకున్నాను. నవంబరులోనే మీరు నాకు ఆయన్ని పొగుడుతూ రాశారు.

మార్చిలో నేనడిగాను. చెడ్డ ఏదైనా ఉంటే రాయి, కాల్చేస్తానన్నాను.

ల్యుబింకా అబద్ధం చెబుతోందని రాయండి. ఒక్క వాక్యం చాలు. మీరు రాస్తే నమ్ముతాను.

ఇట్లు,
రాదిసావ్

*

బెల్‌గ్రేడ్,
అక్టోబరు

బావా,

నన్ను 'మీరు' అనకు. తిట్టు, కొట్టు, అది మాత్రం వద్దు.

ఆవిడ రాసిన మాట నిజం. కానీ అప్పుడు రాసింది ఆవిడ ఒక్కతే. ఒక్కరి మాట మీద అంత పెద్దమనిషిని ఎలా తీసెయ్యడం? సరిగ్గా నీళ్లు పెట్టలేదేమో, చలికి మాడిందేమో అనుకున్నాను. చూద్దాం, చూద్దాం అనుకుంటూ ఉండగానే టీవీ వాళ్లొచ్చారు. కార్యక్రమమంతా ఆయన తోటలోనే. ఆయన పోతే సైటులో సగం రకాలు పోతాయి. నువ్వు పుల్ల సంగతి రాసినప్పుడు నాకు ఆవిడ రాసిందే గుర్తొచ్చింది, నిజం చెబుతున్నాను. కానీ అప్పటికే అంటు కట్టేశానన్నావు. ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

హెచ్చరికలో ఏదో ఒక చోటు పేరు రాయాలి కదా, లేకపోతే అది హెచ్చరిక ఎలా అవుతుంది? నువ్వు నెట్ చూడవు కదా బావా. అక్కా చూడదు. ఊళ్లో చూసేవాళ్లే లేరనుకున్నాను. నీకు తెలియని దానివల్ల నీకేం నొప్పి అనుకున్నాను. చెట్లు ఎలాగూ పోయాయి, పంపడానికి నీ దగ్గర ఏమీ మిగల్లేదు, ఆ మాట వల్ల నీకు కొత్తగా పోయేదేమీ లేదనుకున్నాను.

ఇప్పుడు 'పాత తోట' పేరు పెట్టమంటావు. పెడితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావని నాలుగు వేల మందీ నన్నడుగుతారు. కొంచెం టైమివ్వు. నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా తప్పిస్తాను.

నర్సరీలో మాట్లాడాను. ఈ తెగులు అంతగా సోకని కొత్తరకం దున్య మొక్కలు, పరీక్ష కాగితాలతో సహా. కారునిండా వేసుకుని నవంబరులో మీ ఇంటి దేవుడి పండక్కి, స్లావాకి వస్తాను. ఇద్దరం కలిసి నాటుదాం. స్తమేనా అత్తకి కూడా తెస్తాను. కూచుని రెండు గ్లాసులు తాగితే అన్నీ సర్దుకుంటాయి. మనవాళ్లలో సర్దుకోనిదేముంది?

నీ
ద్రాగుతిన్

*

దోన్యి లుగ్,
నవంబరు

ద్రాగుతిన్,

నీ ఉత్తరానికి మీ బావ జవాబు రాశాడు. 'స్లావాకి వచ్చేవాణ్ణి వద్దనే హక్కు నాకు లేదు, రా' అని ఒకే ముక్క. పోస్టు చెయ్యమని నా చేతికిచ్చాడు. నేను దాన్ని పొయ్యిలో వేసి ఇది రాస్తున్నాను. ఆయనకి చెప్పే రాస్తున్నాను. వద్దనలేదు.

ఆ బేరి అడిగింది నేను. ఆయన ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది, నేనూ ఏడ్చి ఊరుకునేదాన్ని. రాత్రిళ్లు పడుకుని పైకప్పు చూస్తాడు, నిద్రపోతున్నాననుకుంటాడు.

తోట పోయినందుకు కాదు. ఫ్యాక్టరీ పోయినప్పుడు చూశాం, చెవులు పోయినప్పుడు చూశాం, ఇదీ చూసేవాళ్లం. పోయిన ఆదివారం చర్చి దగ్గర ఆయన ఎవరికో టోపీ తీసి నమస్కారం పెట్టాడు. అవతలివాడు చూసి కూడా తల తిప్పుకున్నాడు. ఆయన ఆ టోపీ మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయి, చలిలో అలాగే ఇంటికి నడిచొచ్చాడు. స్తమేనా అత్తకి నేనే వెళ్లి అంతా చెప్పాను. విన్నది. "మీ తమ్ముడు పట్నంలో ఉన్నవాడు, టీవీలో వచ్చాడు. అలా చేస్తాడా? మొగుణ్ణి వెనకేసుకొస్తున్నావు" అంది. నేనేం చెప్పను? టీవీలో నేనే నిన్ను ఆవిడకి చూపించాను, మా తమ్ముడని.

నీ పేజీ ఇప్పటికీ అలాగే ఉందట. ల్యుబింకా చూసి చెప్పింది. ఆవిడే ఊరూరా ఫోన్లు చేసి, 'పాత తోట' నుంచి పుచ్చుకున్నవాళ్లని తెలుసుకుని చెబుతోంది. ఇప్పటికి ఇంకో ఇద్దరి తోటలు తేలాయి. ఆవిడ కుట్టుపని ఆపుకుని చేస్తోంది. నువ్వు ఒక్క మాట రాయలేకపోయావు.

మొక్కలు తేవద్దు. తెస్తే గేటు బయటే ఎండుతాయి.

మన ఇళ్లలో స్లావాకి ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్లు వాళ్లే వస్తారు, వచ్చినవాళ్లందరికీ పళ్లెం పెడతాం. శత్రువైనా సరే, ఆ ఒక్కరోజు తలుపు తెరిచే ఉంటుంది. అమ్మ రోజుల్లో, అత్తగారి రోజుల్లో, ఇన్నేళ్లుగా ఈ ఇంట్లోనూ ఆ ఇంట్లోనూ ఒక్కరిని కూడా రావద్దనడం నేను వినలేదు.

నువ్వు రావద్దు.

కోసన